ముగ్గురాయి మిల్లుకు తాళం

మంగళవారం, రాజంపేట

పోయిన వారం లారీలు రాకపోతే సెలవు దొరికిందని మిల్లోళ్లమంతా కోడి కోసుకుని తిన్నాం. అంత బుద్ధిలేనోళ్లం. ఈ పొద్దు పోతే గేటుకు తాళం ఉండాది.

మేము ఆడించే ముగ్గురాయి పొడి గల్ఫ్‌లో నూనె బావులు తవ్వేదానికి పోతాది. ఆడ యుద్ధం మొదలై ఓడలు నిలిచిపోయినాయి. ఈడ బస్తాలు గోడౌన్ కప్పు దాకా పేరుకుపోయినాయి. "ఓడ కదిలితే పిలుస్తాం, పోండప్పా" అన్నాడు మేస్త్రి.

మొన్న టీ అంగట్లో నేను వార్తలు పెట్టమంటే, మా మిల్లులోనే బస్తాలు మోసే ఓబులేసు మామ నవ్వినాడు. "యాడనో వాళ్లు కొట్టుకుని సస్తే నీకేమప్పా? క్రికెట్టు పెట్టు." ఈ పొద్దు గేటు కాడ ఆయనే అడిగినాడు, "ఏమప్పా, ఆ గొడవ ఎప్పుడు సల్లారుతుందంట?" తిట్టాలనే పోయినా. ఆయన ముఖం చూసినాక ఫోన్‌లో వార్తలు తీసి చూపించినా.

ఆ గల్ఫ్ దేశం మనకు మిత్రదేశమంటే, పెద్దోళ్లు చేతులు కలిపి ఫోటో దిగడమే అనుకున్నాం. ఆ దేశమోళ్ల ఇల్లు కాలితే మా పొయ్యి ఆరిపోతుందని ఓట్లకొచ్చినోడు ఒక్కడూ చెప్పలే. మేమన్నా అడిగినామా?

పని నుంచి వస్తే అమ్మ నన్ను గడప బయటే నిలబెట్టి, అంగీ దులిపి, పొడి పోయినాకే లోపలికి రానిస్తుంది. సాయంత్రం కూడా దులిపింది. ఏమీ రాలలే. "ఏంరా, ఈ పొద్దు ఇంత శుభ్రంగా వచ్చినావు?" అని నవ్వింది. నేనూ నవ్వినా.

రేపు పొద్దున్నే లేచి అమ్మ సద్ది కడుతుంది. అది పట్టుకుని యాడికి పోవాల?