మేడ మీది ఎండ

మార్చి 3

బావగారు ఇవాళ కిందికి దిగి వచ్చారు. ఆయన దిగారంటే మా వాటాలోంచి ఏదో ఒకటి పైకి పోతుందని అర్థం. ఈసారి ఎండ.

మేడ మీద సోలార్ పెట్టిస్తున్నారట. గవర్నమెంటు సబ్సిడీ ఇస్తోంది, ఇప్పుడు పెట్టించుకోనివాడు వెర్రివాడు అన్నారు. మా ఆయన తలూపారు. అన్నగారు సూర్యుడు పడమట పొడుస్తాడన్నా తలూపే మనిషి. మరి నా దుప్పట్లు ఎక్కడ ఆరేసుకోవాలని నేనే అడగాల్సి వచ్చింది. లాడ్జి దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వడం నా పని. ఇంట్లో నా చేతికి వచ్చే సంపాదన అదొక్కటే.

ఒక మూల వదుల్తాంలేమ్మా అన్నారు బావగారు. మీ వాటాకి కూడా ఓ వైరు లాగిస్తా, ఇద్దరికీ బిల్లే ఉండదు పో అన్నారు. మేడ అన్నదమ్ములిద్దరిదీ కనుక అభ్యంతరం లేదని మా ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. మేడ మీద పొద్దస్తమానం ఎండలో నిలబడేది నేను, రాసిచ్చింది ఆయన.

మార్చి 19

ప్యానెళ్ళు బిగించారు. నాకు వదిలిన మూల నీళ్ళ ట్యాంకు నీడలో ఉంది. అక్కడ చేతిరుమాలు కూడా ఆరదు.

ఏప్రిల్ 2

వైరు కుదరదట. సోలార్ ఒక్క మీటరుకే కలపాలని, ఇంకో మీటరుకు లాగితే కేసవుతుందని బిగించినతను చెప్పాడు. ఆ ఒక్క మీటరూ బావగారిదే. ముందు తెలియదా అని అడిగాను. నాకెలా తెలుస్తుందమ్మా, నేనేమన్నా కరెంటాఫీసులో చేస్తున్నానా అన్నారు. మా ఆయన మళ్ళీ తలూపారు.

ఏప్రిల్ 11

లాడ్జి మేనేజరు మూట వెనక్కి పంపాడు. ముక్కిన వాసన వస్తోందట. గదుల్లో, కుర్చీల మీద, మంచాల మీద ఆరేస్తే అత్తరు వాసన వస్తుందా. ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్ళను చూసుకుంటాం, ఏమనుకోకండి అన్నాడు. ఏమనుకోవాలో నాకూ తెలియడం లేదు. రాత్రి మా ఆయన తడి దుప్పటి కింద కూర్చుని అన్నం తిన్నారు. కంచంలో చుక్కలు పడుతుంటే కంచం జరుపుకున్నారు.

ఏప్రిల్ 20

వాయిదాల మీద డ్రయ్యర్ కొన్నాను. ఎండ కొనుక్కున్నట్టే ఉంది.

మే 9

మా తోడికోడలు, పై వాటా అక్క, బిల్లు పట్టుకుని దిగింది. సున్నా. నాకు చూపించింది, పనిమనిషికి చూపించింది, పాలు పోసేవాడికి కూడా చూపించింది. తర్వాత మా బిల్లు వచ్చింది. డ్రయ్యర్ పుణ్యమా అని తక్కువ రేటు గీత దాటేశాం. గీత దాటితే ప్రతి యూనిట్ మంటే.

పైన మిగిలిన కరెంటును బావగారు కరెంటు కంపెనీకే అమ్ముతున్నారట. అది ఎక్కడికి పోతుందని మా ఆయన్ని అడిగాను. బస్సు డిపోలో మెకానిక్కు, ఇలాంటివి తెలుసు. కరెంటు దూరం పోదు, పక్కన ఎవరు వాడుతుంటే వాళ్ళకే వస్తుంది అన్నారు. అంటే నా ఎండే ప్యానెల్లోకి దూరి, వైర్లో దిగి, నా డ్రయ్యర్లోకి వచ్చి, నాకే బిల్లు వేస్తోందన్నమాట. ముందు నవ్వొచ్చింది. తర్వాత కడుపు మండిపోయింది.

మే 16

అక్క మధ్యాహ్నం మా ఫ్యాను కింద వచ్చి కూర్చుంది. పైన ఫ్యాను వేయనివ్వడం లేదట బావగారు. సున్నా చెడిపోతుందట. పిల్లికి బిచ్చం వేయని మనిషికి గవర్నమెంటు బిచ్చం దొరికితే ఇలాగే ఉంటుంది.

పోతూ పోతూ బావగారి మాట చెప్పింది. ప్యానెళ్ళ మీద దుమ్ము పేరుకుంటోంది, చిన్నదానికి ఉతకడం అలవాటే కదా, కాస్త కడిగి పెట్టమను అన్నారట. అలవాటే మరి.

మే 17, మధ్యాహ్నం

కడిగాను. తుడవడానికి పట్టుకెళ్ళిన గలీబు తడిగానే ఒక ప్యానెల్ మీద వదిలేశాను. రెండో వరుస తుడిచి వచ్చేసరికి పెళపెళలాడుతోంది. అరచేయి ఆనిస్తే చురుక్కుమంది. నా ఎండ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

మే 18

బావగారు ఆఫీసుకు వెళ్ళగానే లాడ్జి దుప్పట్లన్నీ ప్యానెళ్ళ మీద పరిచేశాను.

మే 30

అక్క చూసేసింది. ఆవిడ వచ్చి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరం దులిపి పరిచాం. బిల్లు పడనీ, కాస్త సున్నా తప్పితే నాకూ ఫ్యాను దొరుకుతుందేమో అని నవ్వింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నాతో కలిసి నవ్వడం ఇదే మొదలు. డ్రయ్యర్ మీద గుడ్డ కప్పాను. దుప్పట్లు మునుపటిలా ఉన్నాయని మేనేజరు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

జూన్ 12

పైవాళ్ళకు బిల్లు వచ్చింది. సున్నా కాదు. బావగారు టెక్నీషియన్ని పిలిపించారు. రోజూ మధ్యాహ్నం కరెంటు పడిపోతోందని, ప్యానెళ్ళను ఏదో కప్పేస్తోందని అతను ఫోన్లో గ్రాఫ్ చూపించాడు.

బావగారు అందరినీ నిలబెట్టి అడిగారు. నేను పైకే వెళ్ళను, చిన్నది ఏం చేస్తోందో నాకేం తెలుసు అంది అక్క, నా కళ్ళలోకి చూస్తూనే. తడిగుడ్డతో గొంతు కోయడం అని వినడమే గానీ, ఆ గుడ్డ కొస నేనే పట్టుకుని ఉంటానని అనుకోలేదు. ఇంకా సబ్సిడీ డబ్బు పడలేదు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు చూస్తే ఎవరు కడతారు, మీ లాడ్జి కడుతుందా అని బావగారు అరిచారు.

సగం మేడ మనదే కదా, ఒక్క మాట అనండని మా ఆయన్ని కిందికి వచ్చాక బతిమాలాను. అన్నయ్యతో మనకు గొడవెందుకు, ఎలాగూ వానలొచ్చేస్తున్నాయి అన్నారు. ఈ మనిషి మీద కోపం కూడా దండగ.

జూన్ 13

మేడ తలుపుకు తాళం.

జూలై 4

డ్రయ్యర్ బిల్లు కిట్టడం లేదు, రేటు కాస్త పెంచమని మేనేజర్ని అడిగాను. మంచివాడే. వేరే చోట ఇచ్చేశామమ్మా, నిన్నే చెబుదామనుకున్నాను అన్నాడు. ఇంటికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

జూలై 22

వాయిదా కట్టలేదని షాపువాళ్ళు డ్రయ్యర్ తీసుకెళ్ళారు.

ఆగస్టు 8

మా బిల్లు బాగా తగ్గింది. ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు. మా ఆయన మురిసిపోయి, అన్నయ్య సోలార్ పెట్టించడం మనకూ కలిసొచ్చిందే అని, చూపించడానికి పైకి వెళ్ళారు.