గుట్టమీది నాలుగు గులకరాళ్ళు

కోడుమూరు,
ఆదివారం.

చిరంజీవి ప్రదీప్‌కు అన్న ఆశీస్సులు.

ఫోన్లో అడగడానికి నోరు రాక ఉత్తరం రాస్తున్నాను.

ఆదివారం అంగడి మూసి నేను గుట్టెక్కుతానని నీకు తెలుసు కదా. పోయినేడు మీరూ నాతో వచ్చినప్పుడు, సొంతిల్లు కావాలని మొక్కుకుని నీ భార్య వాసవి అక్కడ రాళ్ళు పేర్చి ఇల్లు కట్టింది. మీ నలుగురి పేరునా నాలుగు గులకరాళ్ళు ఏరి అందులో పెట్టింది. ఉగాదికి కడపలో మీరు గృహప్రవేశం చేశారు. గుట్ట మాట అందరం మరిచిపోయాం.

పోయిన వారం గొర్రెలు మేపే పుల్లయ్య ఆ రాళ్ళు చూసి, "ఇల్లయినాంక వచ్చి తీసేయల్ల గదప్పా! లేకుంటే ఆ మనుషులు రెండిండ్లలోనూ ఉండాల్సొస్తాది" అన్నాడు. నవ్వేశాను.

మొన్న వాసవి ఫోన్లో ఒక మాట చెప్పింది. మీ చిన్నపాప శివాని మధ్యాహ్నాలు గోడవైపు తిరిగి కూర్చుని, "ఈడ గాలి శానా ఉండాది, గొర్రెలు పోతాండాయి" అంటోందట. ఆమె నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అందుకే ఈ పొద్దున పోయి ఆ ఇల్లు నేనే విప్పేశాను. నాలుగు గులకరాళ్ళూ లెక్కపెట్టి జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మూడే ఉన్నాయి. జేబుకు చిల్లు లేదు. మళ్ళీ గుట్టెక్కి సాయంత్రందాకా వెతికాను.

దొరకనిది అన్నిట్లోకీ చిన్న రాయి.

శివాని పిలిస్తే పలుకుతోందా? ఆ ఒక్క ముక్క నాకు రాసి పంపు.

మీ అన్న