తొట్టిలో సున్నా

సముద్ర కొలతల విభాగపు ముఖ్య అధికారి గారి సముఖమునకు, పరికరాల షెడ్డు మెకానిక్ రాసుకొను అర్జీ.

విషయం: గత నెల ప్రవాహ రిజిస్టరులోని ఆరు రోజుల సున్నాలను కొట్టివేసి, గజఈతగాని మరణ నివేదికను సరిదిద్దుట గురించి.

అయ్యా,

సముద్రంలో లంగరు వేసి తాడుకు వేలాడదీసే కొలత మీటర్లను పందొమ్మిదేళ్లుగా తమ షెడ్డులో బాగుచేయుచున్నవాడను. మరణించిన గజఈతగాడు నా సొంత తమ్ముడు. నివేదికలో ఈ సంగతి లేదు గనుక మనవి చేసుకొనుచున్నాను.

1. మన నాలుగవ లంగరు ఉన్నచోట సముద్రపు అడుగు గుంటగా ఉన్నందున సిబ్బంది దానిని 'తొట్టి' అనియే పిలుతురు. షెడ్డులో మీటర్లు కడిగే సిమెంటు తొట్టి కూడా తొట్టియే. దానికి ఇంకేం పేరు పెడతాం?

2. నీటి వేగం కొలిచే మీటరును నాలుగవ లంగరు నుండి పైకి తీసి, నాచు గీకి, నిబంధన ప్రకారం షెడ్డు తొట్టిలో ముంచి ఉంచితిని. కదలని నీటిలో అది సున్నా చూపవలెను. చూపినది. రోజువారీ కాగితంలో 'స్థలం: తొట్టి, వేగం: సున్నా' అని రాసి పంపితిని. మీటరు పైకి తీసితిమన్న కాగితం మాత్రం తమ ఆఫీసు ఇన్‌వార్డులో ఆరు రోజులు నిద్రపోయినది. గుమాస్తా గారు నా సున్నాలను సముద్రపు రిజిస్టరులో ఎక్కించినారు.

3. అదే వారం మూడవ లంగరు మీటరు సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగం చూపినది. పక్కనున్న సున్నాతో పొసగలేదని దానిపై 'అనుమానాస్పదం' అని ముద్ర కొట్టి తీసివేసినారు. నిజం చెప్పినది అదొక్కటే, దాని నోరే నొక్కినారు.

4. ఆరవ రోజున అరిగిన గొలుసు కొక్కెం మార్చుటకు మా తమ్ముని నాలుగవ లంగరు వద్ద దింపినారు. వేగం సెకనుకు పాతిక సెంటీమీటర్లు దాటితే ఎవరినీ దింపరాదు. తమ ముద్ర ఉన్న కాగితంలో సున్నా ఉన్నది. పైన నీళ్లు కదలక మెదలక ఉన్నవి. అడుగున ప్రవాహం వాణ్ని ఈడ్చుకుపోయినది. రెండు రోజులకు గానీ దొరకలేదు.

5. 'నీరు నిశ్చలముగా నున్నందున మృతుడు మత్తులో నుండియుండవచ్చును' అని తమ నివేదిక. వాడు జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. మా మరదలు ఆ కాగితం పట్టుకొచ్చి, "బావగారూ, ఆయన తాగి దిగారంట. మీరు కూడా అదే అనుకుంటున్నారా?" అని అడిగినది. ఆమెకు ముఖం చూపలేక షెడ్డులోనే ఉండిపోతున్నాను.

6. సున్నాలు తీసివేయమని సూపరింటెండెంటు గారిని ప్రాధేయపడితిని. "ఎలా తీస్తామయ్యా? ఆ నెలంతటిలో మంచి డేటా అదే. ఆరు రోజులూ గ్రాఫులో గీత చెదరలేదు చూడు!" అన్నారు. సిమెంటు తొట్టిలో గీత ఎందుకు చెదురుతుందండీ? అందులో ఏమైనా అలలు వస్తాయా?

కావున ఆ సున్నాలు కొట్టివేసి, మూడవ లంగరు కొలతను తిరిగి ఎక్కించి, 'మత్తు' అన్న మాట తొలగించవలెనని వేడుకొనుచున్నాను. తప్పు ఎవరిదో రాయవలసి వస్తే నా పేరు రాయండి. చనిపోయినవాడి పేరు వద్దు. ఇంతమాత్రం చిత్తగించవలెను.

ఇప్పటికీ తమ విధేయుడే,
పరికరాల షెడ్డు మెకానిక్

తా.క.: ఒక సంగతి పైన రాయలేదు. ఆ ఉదయం తమ్ముడు పడవలోంచి నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, పడవ తాడు బాగా బిగుసుకుంటోంది. తొట్టిలో ఎంతుంది?" అన్నాడు. గోడకు అంటించిన ఆఫీసు కాగితం చూశాను. ముద్ర ఉంది. మీటరు నా మోకాలి పక్కనే నీళ్లలో మునిగి ఉంది. "సున్నారా, దిగు" అన్నాను.