ఎడమ చెవిలో చప్పుడు

మార్చి 16, మంగళవారం

ఇంటర్నెట్ మళ్లీ లేదు. సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసినప్పటి నుంచి ఇదే వరస. మామూలు ఫోన్ మాత్రం మోగుతోంది. గొంతు ఉంచి కళ్లు పీకేశారు.

మెట్లెక్కితే నాన్నకు ఛాతీలో పట్టేస్తోంది. ఆస్పత్రి దారి నిండా సైన్యం ట్రక్కులు. లోపల డాక్టర్లు లేరు — సైన్యానికి ఎదురు తిరిగి సమ్మె. సమ్మె చెయ్యాలని వీధిలో అరిచినదాన్ని నేనే. ఇప్పుడు నాన్న చెయ్యి ఛాతీ మీదికి పోయినప్పుడల్లా నా నోరు మూతపడుతోంది.

"నాకేటి నొప్పి? నాను పన్జేసే గోడౌన్ మూసీసేరు, అదే నొప్పి" అంటాడు.

మార్చి 17, బుధవారం

బెల్ట్ వచ్చింది. సరుకులు పైకి లాక్కునే బాల్కనీ తాడు కిందికి వదిలితే ఎవరో దాని చివరి క్లిప్పుకు ఉల్లిపాయల సంచి తగిలించి వెళ్లిపోయారు. ఉల్లిపాయల అడుగున బెల్ట్, జెల్ ట్యూబు, ఇయర్‌ఫోన్లు.

పంపింది సయామ — ఇక్కడ డాక్టరమ్మలను అందరం అలాగే పిలుస్తాం. సమ్మె చేసి, ఎక్కడో దాక్కుని, ఫోన్లోనే రోగులను చూస్తున్న గుండె డాక్టరమ్మ. పరిశోధన కోసం చేసిన బెల్టట, బజారులో దొరకదట. దాని బిళ్ల ఛాతీలోకి చెవికి అందని శబ్దం పంపుతుంది. అది కదిలే రక్తానికి తగిలి, స్థాయి మారి తిరిగొస్తుంది. రక్తం ఎటు పోతోందో ఆ మార్పు చెబుతుంది. డాప్లర్.

"సైరన్ లాగా? ట్రక్కు మనవైపు వస్తుంటే సన్నగా, దాటిపోయాక బొంగురుగా?"

"అదే. మీ వీధికి నేను పాఠం చెప్పక్కర్లేదు" — నవ్వింది.

ముందుకు పోయే రక్తం కుడి చెవిలో. వెనక్కి వచ్చేది ఎడమలో. గుండె బాగుంటే, ఆమె చెప్పిన చోట బిళ్ల పెట్టినప్పుడు ఎడమ చెవి ఊరుకోవాలి.

మార్చి 18, గురువారం

జరిగింది వరసగా రాస్తాను.

రాత్రి ఎనిమిదింటికి, రోజూలాగే, సైన్యానికి నిరసనగా వీధంతా గిన్నెలు కొట్టాం. నాన్న కుర్చీలోంచి లేవలేదు. ఏ రోజూ లేవడు. "నీలాంటి పిరికివాళ్ల వల్లే ఈ దేశం..." అనేశాను. కుర్చీలో అటు తిరిగి కూర్చున్నాడు. బెల్ట్ చూపిస్తే మాత్రం —

"ముందు నువ్వెట్టుకో. నీకు కరెంటు కొట్టకపోతే అప్పుడు నానెట్టుకుంటాను."

పంతానికి పెట్టుకున్నాను. అప్పుడే సయామ ఫోన్. కుడి ఇయర్‌ఫోన్ ఫోనుకు ఆనించాను. తర్వాత ఎడమది.

"ఎడమది ఇంకోసారి పెట్టు... మీ నాన్న ఇప్పుడే మెట్లెక్కారా?"

"సయామ, ఇది నాన్నది కాదు. నాది."

"నీదా? నువ్వు మెట్లెక్కావా?" అంది.

"గిన్నె కొట్టి వచ్చాను, అంతే" అన్నాను.

"సరే. నీళ్లు తాగి కదలకుండా కూర్చో. మళ్లీ చేస్తాను."

కూర్చున్నాను. మళ్లీ చేసింది. మళ్లీ అదే. ఎడమ చెవిలో — ష్ష్... ష్ష్... ష్ష్.

వాల్వ్ సరిగా మూసుకోవడం లేదట. పోవాల్సిన రక్తం కొంత వెనక్కి వస్తోందట. చిన్నప్పుడు జ్వరంతో కీళ్లు వాచాయా అని అడిగింది. వాచాయి. "స్కాన్ లేకుండా ఖాయంగా చెప్పలేను. కానీ పరుగెత్తకు."

నాన్న చొక్కా విప్పి బెల్ట్ తీసుకున్నాడు. నాన్నకు పెడితే ఎడమ చెవిలో చప్పుడు లేదు. నొప్పికి కారణం వేరే చూడాలంది సయామ.

మార్చి 19

వెనక్కి.

మార్చి 20, శనివారం

పరుపు కింద కరపత్రం తీశాను. "ఒక్క అడుగు కూడా వెనక్కి లేదు." నేనే ఎర్ర పెన్నుతో గీత గీసుకున్న వాక్యం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ నా రక్తమే వెనక్కి వస్తోంది — నన్ను అడక్కుండా, ఏళ్లుగా! ఎవరి మీద అరవాలి?

మ న్వే ఫోన్ చేసింది. లైంగ్‌థార్యార్‌ పేట ఫ్యాక్టరీలో బట్టలు కుడుతుంది. ఊరేగింపు ముందు సైనికులకు అడ్డంగా నిలిచే డాళ్ల వరుసలో నా పక్కన నిలబడుతుంది. "అన్నం తిన్నావా? సోమవారం వస్తున్నావు కదా? నీ డాలు నా దగ్గరే ఉంది."

తిన్నానన్నాను. అంతే అన్నాను.

పొగ గుండ్లు పేలితే అందరం పరుగెత్తాలి. నేను పడిపోతే మ న్వే నన్ను వదిలి పోదు. నాకు తెలుసు. భయం నా గురించి కాదు... కొంచెం నా గురించి కూడా.

మార్చి 21, ఆదివారం

ఎనిమిది కాగానే నాన్న లేచాడు. నా చేతిలోంచి గిన్నె లాక్కున్నాడు.

"నువ్వు కూకో. నీ వంతు నాను కొడతాను."

"ఓలమ్మో, నొప్పెట్టుకుని ఇదేటి?" అని అమ్మ.

"నొప్పి గోడౌన్ది. నాది కాదు."

బాల్కనీలో ఒకటే మోత. నేను లోపలి గదిలో బెల్ట్‌తో. ష్ష్... ష్ష్... ఉన్నట్టుండి బయట ఇంకో చప్పుడు, సన్నగా. సైరన్. మనవైపే. మోత వినిపించిన బాల్కనీ మీదికి కాలుస్తారని చుట్టుపక్కల గిన్నెలన్నీ ఆగిపోయాయి. నాన్నది ఆగలేదు — తన మోతలో తనకు వినిపించదు.

పరుగెత్తాను. చొక్కా పట్టుకుని లోపలికి లాగాను. ఇద్దరం నేల మీద పడ్డాం. ట్రక్కు దాటిపోయింది. సైరన్ బొంగురుపోయింది.

నాన్న చెయ్యి తన ఛాతీ మీద లేదు. నా వీపు మీద ఉంది.

"ఒలే... పరుగెట్టేవే."

ఫోన్ మోగుతోంది. మ న్వే. రేపు సోమవారం — వస్తానో లేదో చెప్పాలి. నాన్న ఫోన్ వైపు చూస్తున్నాడు, నన్ను చూడటం లేదు. మోగి ఆగింది.

మళ్లీ మోగుతోంది.