కొక్కెం కర్రకు కట్టిన కెమెరా

సెప్టెంబర్ 21, ఆదివారం. ఎంగిలిపూల బతుకమ్మ

సునీత ఈరోజు కూడా ఫోన్ ఎత్తలేదు. ఆసిఫాబాద్ గురుకులంలో పిల్లలకు ఆటలు నేర్పే టీచరమ్మకు దసరా సెలవులొచ్చాయి. వచ్చింది ఇక్కడికి, వరంగల్‌లో మొగుడి దగ్గరికి కాదు, ఘన్‌పూర్ దగ్గర తల్లిగారింటికి. ఈ సంగతీ అమ్మ చెబితేనే తెలిసింది. అమ్మ ఫోనైతే ఎత్తుతుంది మహాతల్లి.

ఆమె చివరగా అన్న మాట: "ఏడాదిసంది నేనే బస్సెక్కి వస్తాన్న. ఒక్కపారన్న నువ్వు దుకాణం ఇడిసిపెట్టి నాకోసం వచ్చినవా?"

సీజన్ అయిపోనీ అన్నాను. బట్టల దుకాణానికి సీజన్ అయిపోయేదెప్పుడు...

సెప్టెంబర్ 22, సోమవారం

బీరువాలో ఆమె చీరల కింద కెమెరా దొరికింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. నీళ్లలో పడేసినా ఫోటోలు తీస్తుంది. మొదటి జీతంతో కొన్నది. బావిలో ఈత నేర్చిన పిల్లను, మోకాలి లోతు నీళ్లకే వణికే నాకు కట్టబెట్టారు.

"నీళ్లల్ల కండ్లు తెరిస్తె ఎట్లుంటదో నీకేం ఎరుక. బతుకమ్మ కిందికెళ్లి ఎట్ల కనవడతదో చూడాలె. ఇద్దరం కలిసి తీద్దాం" అన్నది సునీత. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఒక్క ఫోటో తీయలేదు.

బకెట్‌లో ముంచి చూశాను. లోపల అద్దానికి ఆవిరి పట్టింది.

సెప్టెంబర్ 23, మంగళవారం

చెప్పుల డబ్బాలో వచ్చే తేమ పీల్చే పొట్లం కెమెరా పెట్టెలో పెట్టాను. ఆవిరి పోయింది. ఇప్పుడు బయట నీటి చుక్కలు. సునీత ఈత అద్దాలకు ఉమ్మి రాసి కడిగేది. నేనూ అదే చేశాను. చుక్క నిలిస్తే ఒట్టు.

సెప్టెంబర్ 24, బుధవారం

పొద్దున్నే వడ్డేపల్లి చెరువు. దుకాణంలో పైన వేలాడే చీరలు దించే కొక్కెం కర్రకు కెమెరా కట్టి గట్టు మీద నుంచి ముంచాను. రెండు క్షణాలకొక ఫోటో దానంతటదే తీసుకునేలా పెట్టాను.

అన్నీ ఆకుపచ్చ మసక. మూరెడు దాటితే ఏమీ లేదు. ఈ నీళ్లలో దూరం నుంచి తీయడం కుదరదు, దగ్గరికి పోవాల్సిందే.

ఆమె కావాలి. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం. అలిగిన బతుకమ్మ

ఈరోజు ఎవరూ బతుకమ్మ పేర్చరు. చెరువు దగ్గర ఒక్క మనిషి లేదు. నిన్నటి పూలు అడుక్కు దిగి ఉన్నాయి. ఎండ నిలువుగా పడ్డప్పుడు కర్ర ముంచాను. బురద మీద తంగేడు పూలు, ఒక్కటే గునుగు కంకి. మొదటి మంచి ఫోటో.

సునీతకు పంపాను. చూసింది. జవాబు లేదు.

అమ్మ అన్నది: "అలిగిన నాడు బతుకమ్మనే బతిమాలరు. నువ్వేందిరా ఇయ్యాల్నే జవాబడుగుతవు. జర ఓపిక పట్టు."

సెప్టెంబర్ 27, శనివారం

దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. నాన్న కేకలు: "కట్టె ఏడవాయెరా? పైన చీరెలు నీ తాత దించుతడా?" కర్ర నా మంచం కింద ఉంది.

సెప్టెంబర్ 28, ఆదివారం

నాన్నకు చెప్పేశాను. రేపు సద్దుల బతుకమ్మ. సునీత వాళ్ల ఊరి చెరువు దగ్గరే ఉంటుంది. పోతాను.

"సద్దులనాడు గిరాకి ఇడిసిపెట్టి పోతవా?"

"పోత."

నాన్న కొలిచిన బట్టనే మళ్లీ కొలిచాడు.

కర్రతో సహా కెమెరా అమ్మకు ఇచ్చాను. చీకట్లో కనిపించాలని చిన్న టార్చి కూడా కట్టాను. కింద నుంచి బతుకమ్మ ఎలా ఉంటుందో సునీతకు చూపించాలి. "ఇదేందిరా, సబ్బు డబ్బి లెక్కున్నది. బతుకమ్మను సాగదోల్తనా, దీన్ని పట్టుకుంటనా?" అమ్మ గొణిగింది కానీ తీసుకుంది. అద్దానికి ఉమ్మి రాసిన సంగతి చెప్పలేదు. చెబితే కర్రతోనే కొట్టేది.

సెప్టెంబర్ 29, సోమవారం. సద్దుల బతుకమ్మ

ఘన్‌పూర్ స్టేషన్. తిరుగు బండి కోసం కూర్చున్నాను.

ఆ ఊరి చెరువు దగ్గర ఎవరూ లేరు. ఒడ్డున వాడిపోయిన పూలు. అత్తమ్మ నన్ను చూసి నోరు నొక్కుకుంది. "మా ఊర్లె ఏడోదినమే సద్దులాయె గద బిడ్డా. నీకెరుక లేదా?"

ఎలా తెలుస్తుంది. పెళ్లయ్యాక ఏ బతుకమ్మకు వచ్చాను గనక.

"సునీత పగటీలి బండికి వరంగలే పాయె. మీ కాడ ఆడుతనన్నది."

ఫోన్ చేశాను. స్విచాఫ్. బండి లేటు. నా తెలివికి దండం పెట్టాలి.

సెప్టెంబర్ 30, మంగళవారం

రాత్రి ఇల్లు చేరేసరికి అమ్మ అరుగు మీద ఉంది.

"సీదా చెరువు కాడికే వచ్చింది. ఆడింది. నువ్వు వాళ్లూరికే పోయినవని చెప్తె, ఉన్న కాళ్ల మీద స్టేషన్‌కు ఉరికింది." మా బండ్లు దారిలో ఎదురెదురుగా దాటినట్టున్నాయి.

"నవ్విందా, ఏడ్చిందా?"

"ఏమో రా. మొఖం నిండ నీళ్లే."

ఎందుకు నీళ్లో ఇప్పుడు తెలిసింది. అమ్మ తీసిన వాటిలో సగం మెట్లు, బురద, అమ్మ చీర కుచ్చిళ్లు. తర్వాత బతుకమ్మ: గుమ్మడాకు అడుగు, చుట్టూ పసుపుపచ్చ వెలుగు. దాన్ని ముందుకు తోస్తున్న గాజుల చేతులు. ఆ తర్వాతి ఫోటోలో సునీత. కొత్త చీరతో, అంతమంది ఆడవాళ్ల ముందు, నీళ్లలో ముఖం పెట్టింది. జుట్టు చెదిరింది. కళ్లు తెరిచే ఉన్నాయి. మూరెడు దూరంలో, తిన్నగా నన్నే చూస్తున్నట్టు. మా దుకాణం కర్రను గుర్తుపట్టి ఉంటుంది.

నోరు తెరిచి ఏదో అంటోంది. బుడగలే కనిపిస్తున్నాయి.

ఫోటో పంపాను. కింద రాశాను: ఏమన్నవ్?

చూసింది. జవాబు రాలేదు. కూర్చోలేక స్నానాలగదిలోకి పోయి, బకెట్ నిండా నీళ్లు పట్టి ముఖం ముంచాను. ఎప్పుడూ చేయని పని, కళ్లు తెరిచాను. మండాయి. బకెట్ అడుగు వంకరగా కనిపించింది. ఊపిరి బిగబట్టగలిగినంతసేపు చూశాను.

తల ఎత్తేసరికి ఫోన్ మోగి ఆగిపోయింది. సునీతే. వెంటనే చేశాను, ఎంగేజ్. మళ్లీ చేశాను. ఎంగేజ్. అటు నుంచి ఆమె కూడా నాకే చేస్తున్నట్టుంది.

ఎవరో ఒకరం ఆగాలి. నేను ఆగితే, ఆమె కూడా ఆగితే...