సూర్యుడి నుంచి జవాబు

అక్కా,

ఈ ఆదివారం మఠంలో చుట్టాలను కలిసే కటకటాల గదిలో ఒక గంట ఎక్కువ ఇమ్మని మదర్ గారిని అడుగు. నాన్న వస్తున్నాడు. అవును, నువ్వు మఠంలో చేరిన రోజు నుంచి ఆ గడప తొక్కని నాన్నే.

మా ప్రయోగం గెలిచింది. సూర్యుడి నడిగర్భంలో పుట్టి, మన అబ్రుజ్జో కొండలోంచి దూసుకుపోయే కణాల కోసం ఆ కొండ కింది ప్రయోగశాలలోనే ఇన్నేళ్లు కాచుకున్నాం. వాటి జాడ దొరికిందని నిన్న ప్రకటించాం. వెంటనే నేను నాన్న రొట్టెల కొట్టుకు పరుగెత్తాను. నాన్న ఎప్పుడూ అనే మాట నీకు తెలుసుగా: "ఒకతి పలకని దేవుణ్ణి పిలుస్తుంది, ఇంకొకతి కనపడని దుమ్ముకి కాపలా కాస్తుంది. ఏం పిల్లల్ని కన్నానో!"

కొట్టులో ఉన్న క్విరీనో మామ నా మాట విని ఊరుకోలేదు. "కోట్ల యూరోలు పోశారు కదే! భూకంపానికి కూలిన నా ఇల్లు దాంతో లేస్తుందా?"

నాన్నే చేతుల పిండి దులుపుకుని అందుకున్నాడు. "లేవదురా. నీ ఇంటి కోసం మునిసిపాలిటీ ముందు నీతోపాటు నేనూ అరుస్తా. కానీ సూర్యుడి కడుపులో ఏముందో నా కూతురు చూసిందిరా! అది చిన్న సంగతా?"

తర్వాత నా వైపు తిరిగాడు. "నిజంగా జవాబొచ్చిందా తల్లీ?"

"వచ్చింది నాన్నా."

పొయ్యి తలుపు మూసి నా దగ్గరికి వచ్చాడు. "అయితే మీ అక్కకీ వస్తూనే ఉండుంటుంది. నేనే ఎన్నడూ అడగలేదు."

ఆ తర్వాత వీధంతా వినేలా నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మఠంలో మీరు ఎంతమందో రాయి. అందరికీ వేడివేడి ఫెర్రాటెల్లె తీపి అట్లు కాల్చి తెస్తాడట.

నీ చెల్లెలు