దేవదానంగారి టకటక పెట్టె

గాజువాక,
సోమవారం

మధురవాడలో పాత కంప్యూటర్లు బాగుచేసే ఉమామహేష్ గారికి, కీర్తిశేషులు దేవదానం గారి భార్య దీవెనమ్మ వందనములతో రాయునది.

మీ షాపు బోర్డు మీద "చచ్చిన కంప్యూటర్లకు ప్రాణం పోయబడును" అని ఉందని మా ఆటో ఆయన చెప్పాడు. ఆ మాట మా చర్చి గుమ్మంలో అంటే పెద్ద గొడవైపోతుంది. మీరు ఏ ధైర్యంతో రాయించారో చూద్దామని ఈ పెట్టె పంపుతున్నాను. ఫోను చెయ్యకండి. నాకు రెండు చెవులూ వినపడవు. ఎదురుగా ఉన్నవాళ్ళ మాట పెదాలు చూసి తెలుసుకుంటాను. నా బటన్ల ఫోనులో మెసేజీలు చదవబోతే ఉన్న కళ్ళు కూడా పోతాయి. ఉత్తరమే రాయండి.

మా ఆయన హార్బరులో క్రేన్ నడిపేవారు. ఆ రోజుల్లో ఒక విదేశీ ఓడలోని రేడియో ఆఫీసరు దగ్గర, ఇంట్లో వాడుకునే కంప్యూటరు కొన్నారు. టీవీకి తగిలించుకోవాలి. ఈ పెట్టె దాని పక్కన కూర్చుని ఫ్లాపీలు మింగుతుంది. అసలు కంప్యూటరు కంటే ఇదే బరువు. వేడెక్కితే పిల్లి వచ్చి దీని మీదే పడుకునేది.

పోయిన ఏడాది ఆయన కాలం చేశారు. పోవాల్సింది నేను. గుండె ఆపరేషను నాకైంది, డాక్టరు పెదవి విరిచింది నన్ను చూసి. ఆయన వరస తప్పించి ముందు వెళ్ళిపోయారు. ఆ వెనకే ఈ పెట్టె దీపం కూడా ఆరిపోయింది.

ఎవరి సమాధికి వెళ్ళొచ్చినా ఆయన ఒకటే మాట అనేవారు. "మన రాయి మీద ఏటుండాలో నాను ఫ్లాపీలో రాసుంచాను. ఎడ్వర్డ్ సెయ్యి పడనియ్యకు." ఎడ్వర్డ్ మా మరిది, చర్చి కమిటీ సెక్రటరీ, రైల్వేలో టికెట్లిచ్చి రిటైరయ్యాడు. ఎవరు పోయినా "ఇహలోక ప్రయాణము ముగించి పరలోక స్టేషనులో దిగిన" అని రాతి మీద చెక్కిస్తాడు. "నాను ఓడల మనిసిని, నన్నట్టుకెళ్ళి రైలెక్కిస్తాడేటి?" అని మా ఆయన మండిపడేవారు. వచ్చే నెల ఆయన సంవత్సరం కూడిక, ఆ రోజే సమాధి మీద రాయి నిలబెట్టాలి. ఈలోగా ఆ ఫ్లాపీలో ఉన్నది బయటికి రాకపోతే ఆయన చచ్చీ రైలెక్కాల్సిందే.

ఇట్లు,
దీవెనమ్మ

తా.క.: పెట్టె కింద ఒక మూల మడతపెట్టిన అట్టముక్క ఉంది. తియ్యకండి. ఎందుకో నాకూ తెలీదు. ఆయన పెట్టారు.


మధురవాడ,
శుక్రవారం

గౌరవనీయులైన దీవెనమ్మ గారికి ఉమామహేష్ నమస్కరించి రాయునది.

శుభవార్త. పెట్టెకు ప్రాణం వచ్చింది. కరెంటు లోపలికి వచ్చేచోట ఒక ముక్క కాలిపోయింది, అది మార్చాను. పనిలో పనిగా మీరు అడగనిది కూడా చేశాను. ఈ డ్రైవులో, అంటే మీ పెట్టెలో, ఫ్లాపీని చదివే భాగాన్ని తల అంటారు. పాపం, తన తల ఎక్కడుందో ఈ డ్రైవుకే తెలీదు. ఎప్పుడైనా సందేహం వస్తే తలని వెనక్కి జరుపుకుంటూ పోయి అడ్డుకమ్మీకి టకటకా కొడుతుంది. ఇక జరగనప్పుడు, సరే, మొదలు ఇదే అనుకుంటుంది. తయారుచేసినవాళ్ళు ఖర్చు కలిసొస్తుందని అలా వదిలేశారు. అలా ఏళ్ళ తరబడి కొట్టుకుని మీ డ్రైవు తల బాగా పక్కకి జరిగిపోయింది. దాన్ని తిన్నగా బిగించాను. ఆ దిక్కుమాలిన టకటక మళ్ళీ రాకుండా కమ్మీకి రబ్బరు ముక్క అంటించాను. ఇప్పుడిది కొత్త పెళ్ళికూతురంత నెమ్మది.

మీ విధేయుడు,
ఉమామహేష్

తా.క.: అట్టముక్క పారేశాను. డ్రైవు సమంగా కూర్చోవాలమ్మా.

ఇంకో తా.క.: మా షాపుకి ఉత్తరం రావడం ఇదే మొదలు. పోస్ట్‌మ్యాన్ "ఏటి బావా, కోర్టు నోటీసా?" అని మా వీధి వీధంతా వినపడేలా అడిగాడు.


గాజువాక,
బుధవారం

ఉమామహేష్ గారికి దీవెనమ్మ రాయునది.

మీరు పంపిన పెట్టె మాది కాదు. మర్యాదగా మా పెట్టె మాకు పంపండి.

పైన డొప్ప మాదే, పిల్లి గీరిన గీతలూ మావే. లోపలున్నది వేరే. మా ఆయన ఫ్లాపీలు ఒక్కటీ దానికి తెలియడం లేదు. ఏది వేసినా ఎర్ర దీపం ఆర్పి వెలిగిస్తుంది, అంతే. ఇంటి కుక్క అయితే ఇంటి మనిషిని గుర్తుపట్టదా?

ఇంకో రుజువు చెప్తాను. మా ఇంట్లో ఒకటే పెద్ద బల్ల. ఆ చివర ఆయన కంప్యూటరు, ఈ చివర నేను కూరలు తరుక్కోవడం. పెట్టె కొట్టుకుంటే నాకు వినపడదు గానీ బల్ల మీది చేతికి తెలిసేది, మోచేతి దాకా వచ్చేది. తలెత్తి చూస్తే ఆయన టీవీ వైపే చూస్తూ "ఏటి?" అనేవారు. "మీరే కదా కొట్టారు" అంటే, "నాను కాదు, మిషనే" అనేవారు. అలా ఎన్నేళ్ళో. నిన్న పొద్దుటి నుంచీ బల్ల మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఆయన పోయిన రోజున కూడా ఇల్లు ఇంత చచ్చినట్టు లేదు.

రాయి చెక్కే కొండలరావు పొద్దున వచ్చాడు. "ఏటమ్మా, రాయి నున్నగా సేసి ఎండలో ఎట్టేను. రాత ఇత్తావా, ఎడ్వర్డుగారి స్టేషనే సెక్కీమంటావా?" అన్నాడు. అతనికి ఏం చెప్పను?

దీవెనమ్మ

తా.క.: అట్టముక్క కూడా కావాలి. మీ చెత్తబుట్టలో వెతకండి.


మధురవాడ,
శనివారం

దీవెనమ్మ గారికి ఉమామహేష్ రాయునది.

మేడమ్, ఈ వృత్తిలో నన్ను చేతకానివాడన్నవాళ్ళున్నారు. దొంగ అన్నవాళ్ళు లేరు. మీ డ్రైవులో పేగులు తీసుకుని నేనేం చేసుకుంటాను? రుషికొండ వైపు ఇన్ని పెద్ద పెద్ద కంప్యూటరు ఆఫీసులున్నాయి, వాళ్ళలో ఒక్కరికైనా ఇలాంటిది కావాలేమో అడిగి చూడండి.

డ్రైవు అదే. తప్పు మీ ఫ్లాపీలదే. సముద్రపు గాలికి బూజు పట్టి చచ్చిపోయి ఉంటాయి. చచ్చినవాటిని దగ్గర పెట్టుకుని ఏడవకండి, పారెయ్యండి. ఇక వాదన ఎందుకు? ఈ కవరులో ఒక ఫ్లాపీ పెట్టాను. నలుగురిని పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవులో వేసి చూడండి. నిజమేమిటో అందరికీ తెలుస్తుంది.

ఉమామహేష్

తా.క.: అట్టముక్కని మున్సిపాలిటీ బండి పట్టుకుపోయింది. దాని కోసం వాళ్ళకి ఉత్తరం రాయండి.


గాజువాక,
గురువారం

ఉమామహేష్‌కి దీవెనమ్మ రాయునది.

నలుగురిని కూర్చోబెట్టుకోమన్నావు. కూర్చోబెట్టుకున్నాను. నువ్వేదో తంటాలు పడి మా పెట్టె కడుపులోంచి మా ఆయన మాటలు తీసి ఆ ఫ్లాపీలోకి ఎక్కించి పంపావనుకున్నాను. పాస్టరుగారినీ, ఎడ్వర్డునీ, కొండలరావునీ పిలిచాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అందరూ లేచి నిలబడ్డారు. ఫ్లాపీ వేశాను.

టీవీలో ఒక చిన్న మనిషి వచ్చాడు. పరిగెత్తాడు. గోతిలో పడి చచ్చాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడి చచ్చాడు. ఎడ్వర్డు కళ్ళు తుడుచుకుని "అన్నయ్యేనా?" అన్నాడు. పాస్టరుగారు మూడోసారి కూడా చచ్చేదాకా నిలబడే ఉన్నారు. కొండలరావు ఒక్కడే కూర్చుని, "గెంతాలండి, గోతికాడ గెంతాలి" అన్నాడు. తరవాత ఎడ్వర్డు నా ముందుకొచ్చి నెమ్మదిగా పెదాలు కదిపాడు. "వదినా, అన్నయ్య ఏమీ రాయలేదు. శనివారం నుంచి కొండలరావు నే చెప్పింది చెక్కుతాడు." సరేనన్నాను. నా దగ్గర చూపించడానికి ఏముంది?

నువ్వు ఎవరి ఫ్లాపీ పంపితే అది చదివింది. నా మొగుడిది ఒక్కటీ చదవలేదు. కాబట్టి అది నీ పెట్టె. తీసుకో, ఆటోలో పంపుతున్నాను. ఆయన ఫ్లాపీల డబ్బా కూడా పంపుతున్నాను. నీ షాపులో ఏ పెట్టె వీటిని చదివితే అది మాది. అది శనివారం లోపు రాకపోతే పోలీస్ స్టేషనుకి వస్తాను. నేను చెవిటిదాన్ని. ఒకసారి మొదలెడితే వాళ్ళు ఆపమన్నా నాకు వినపడదు.

దీవెనమ్మ

తా.క.: ఆయన అనేవారు, తన ఫ్లాపీలు స్నేహితుల మిషన్లలో కూడా పనిచేసేవి కావని. "ఈ పెట్టెకి నా రాత తప్ప ఇంకోల్ల రాత రాదు, నా రాత ఇంకో పెట్టెకి రాదు" అని గొప్పగా చెప్పుకునేవారు. నీకు చెప్పి లాభమేమిటి?


మధురవాడ,
శుక్రవారం

అమ్మా, ఉమామహేష్ నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చివర తా.క. చదివాక మీ పెట్టెని మళ్ళీ విప్పాను. తప్పు నాదే. ఎంత తప్పో మీకు తెలియాలి.

తల పక్కకి జరిగిన డ్రైవు ఫ్లాపీ మీద రాస్తే, ఆ రాత కూడా అంతే పక్కకి పడుతుంది. ఆ వంకర తలకి ఆ వంకర రాత చక్కగా కనిపిస్తుంది. దేవదానంగారు ఏళ్ళ తరబడి వంకరగా రాసుకుని, వంకరగా చదువుకున్నారు. నేను తలని తిన్నగా బిగించాను. దాంతో లోకంలో ఫ్లాపీలన్నీ చదవగలిగే డ్రైవు తయారైంది, ఆయనవి తప్ప. మీ ఫ్లాపీలు చావలేదు. మీ పెట్టెనీ ఎవరూ మార్చలేదు. నేను బాగుచేసి చంపాను.

రాత్రికి రాత్రే దాన్ని మళ్ళీ పాడుచెయ్యడానికి కూర్చున్నాను. బాగుచెయ్యడానికి దారి ఒకటే ఉంటుంది. పాడుచెయ్యడానికి ఎన్నో ఉంటాయి, అందులో ఆయన దగ్గర అది పాడైన దారే దొరకాలి. స్క్రూ వదులు చేయడం, వెంట్రుకవాసి తిప్పడం, ఫ్లాపీ వేసి చూడడం, మళ్ళీ తిప్పడం. చివరికి ఒక మూల కింద నా విజిటింగు కార్డు మడిచి పెడితే కుదిరింది. అట్టముక్క ఎందుకో అప్పుడు తెలిసింది.

డబ్బాలో ఒక ఫ్లాపీ మీద మీ పేరుంది. అందులో చిన్న ప్రోగ్రాం ఒకటే ఉంది. అది ఏమీ చదవదు, ఏమీ రాయదు. తలని తీసుకెళ్ళి మూడుసార్లు కమ్మీకి కొట్టి ఆగిపోతుంది. అంతే దాని పని. అమ్మా, బల్ల మీద మీ చేతికి తెలిసింది మిషను సందేహం కాదు. ఆయన మిమ్మల్ని పిలిచేవారు. అలా పిలిచీ పిలిచే ఆ తల పక్కకి జరిగిపోయింది. నేను రబ్బరు అంటించింది దాని మీద. పీకేశాను.

రాతి మీద ఉండాల్సింది ఇంకో ఫ్లాపీలో దొరికింది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసిన తెలుగు, దాన్ని తెలుగులో తిరగరాసి వేరే కవరులో పెట్టి అంటించాను. శనివారం లోపు చేరాలని ఈ ఉత్తరాన్నీ, పెట్టెనీ, ఫ్లాపీల డబ్బానీ ఆటోలోనే పంపుతున్నాను. కవరు ముందు మీరొక్కరే విప్పండి. ఎడ్వర్డు గారి ముందు వద్దు.

మీ కొడుకులాంటి వాడు,
ఉమామహేష్

తా.క.: బోర్డు మీద ప్రాణం పోయబడును అన్న మాట చెరిపించేశాను.


గాజువాక,
ఆదివారం

నాయనా ఉమామహేష్‌కి, దీవెనమ్మ దీవించి రాయునది.

కవరు విప్పాను. ఒక్కదాన్నే చదివాను. నువ్వు ముందే చదివావు కాబట్టి నీ దగ్గర దాపరికం లేదు.

"ఇక్కడ దీవెనమ్మ పడుకుంది. పిలిస్తే వినపడదు. రాయి మీద మూడుసార్లు తట్టండి. తలెత్తి చూస్తుంది."

ఆయన రాసిపెట్టింది నా రాయి కోసమయ్యా. ఆపరేషను నాకు కదా. ముందు నేనే పోతానని ఆయన లెక్క. "మన రాయి" అంటే ఆయన రాయి అనుకుని ఇన్నాళ్ళూ నేను నీ మీదా, ఎడ్వర్డు మీదా, పోలీసుల మీదా ఎగిరాను. తన కోసం ఒక్క ముక్క రాసుకోలేదు ఆ మనిషి. నేను బతికుండగా నా సమాధి రాత చదువుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను, నవ్వాను. పిల్లి భయపడి బయటికి పోయింది.

తరవాత పెట్టెని బల్ల మీద పెట్టి, నా పేరున్న ఫ్లాపీ వేసి చెయ్యి ఆనించాను. మోచేతి దాకా వచ్చింది. తలెత్తి చూశాను. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. నాకు తెలుసు, అయినా చూశాను.

కొండలరావు చేత రాయి మధ్యన గీత చెక్కించి రెండు భాగాలు చేయించాను. కుడివైపు నాది, ఆయన రాసింది రాసినట్టు. ఎడమవైపు ఆయనది నేనే రాశాను.

"ఇక్కడ దేవదానం. తట్టింది నేను కాదంటాడు. నమ్మకండి."

ఎడ్వర్డు చదివి, "వదినా, ఇందులో పరలోకం ఎక్కడుంది?" అన్నాడు. కాగితం పాస్టరుగారి చేతికిచ్చాను. ఆయన, తట్టుడి మీకు తీయబడును అని బైబిల్లో ఉండనే ఉంది కదా అని తృప్తిపడి ఒప్పుకున్నారు. ఆయనకి మిగతా సంగతి చెప్పలేదు.

కూడికకి నువ్వు రావాలి. ఆయన్ని రైలెక్కకుండా ఆపింది నువ్వే, ఎక్కించబోయిందీ నువ్వే.

దీవెనలతో,
దీవెనమ్మ

తా.క.: పెట్టె కింద నీ విజిటింగు కార్డు అలాగే ఉంచాను. ఆ పెట్టెని ఇక ఎవరూ బాగుచెయ్యకూడదు.

ఇంకో తా.క.: నా వైపు అంతా చెక్కేశాడు, తేదీ ఒక్కటే ఖాళీ. ఉలి చేత్తో పట్టుకుని కొండలరావు నా మొహంలోకి చూశాడు. "ఏటమ్మా, ఆ తేదీ కూడా సెప్పేత్తే ఒకేపాలి అయిపోద్ది కదా, నాను మల్లీ అంత దూరం రానక్కర్లేదు" అన్నాడు. న్యాయమే. ఆయన తట్టగానే కబురు చేస్తానన్నాను.